ఎముక కొసన ఏమున్నది?

మొన్న దసరా సెలవుల్లో బరంపురంలో మా ఇంటికి ఒకే వారంలో రెండు ఎక్స్‌రే ఫోటోలు వచ్చాయి. ఒకటి మా మనవడి మణికట్టుది, రెండవది మా దొడ్డమ్మ మోకాలిది. వాడికి తొమ్మిదేళ్ళు. ఆమెకు ఎనభై రెండు.

మనవడు పెరటి గోడ ఎక్కి, జామకాయకు చేయి చాచి, పట్టు తప్పి కింద పడ్డాడు. పడుతూ అరచెయ్యి నేలకు ఆన్చాడు. మణికట్టు వాచింది. ఫోటో తీయించి కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే మాకు గుండె ఝల్లుమన్నది. ముంజేతి ఎముక కొసకు కాస్త ఇవతలగా, కత్తితో కోసినట్టు, అడ్డంగా ఒక నల్లని గీత! కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. డాక్టరుగారు ఒడియా ఆయన, తెలుగు మాకన్నా శుభ్రంగా మాట్లాడతారు. ఆయన నవ్వి, "ఆ గీత విరుగుడు కాదమ్మా, కుర్రాడు ఎదిగే చోటు. ఈ వయసులో అది లేకపోతేనే మనం ఏడవాలి" అన్నారు. అంతలోనే నవ్వు మాని, "అయితే దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. కొస కాస్త పక్కకు జరిగింది. సరిచేసి పిండికట్టు వేస్తాను. కట్టు విప్పాక కూడా కొన్నాళ్ళపాటు ఈ చేతిని నాకు చూపిస్తూ ఉండాలి" అన్నారు.

దొడ్డమ్మ ఫోటోలో మాత్రం ఏ గీతా లేదు. తొడ ఎముక, కాలి ఎముక ఒకదానినొకటి ఒరుసుకుంటున్నాయి. "గుజ్జు అరిగిపోయింది" అన్నారు. దొడ్డమ్మ వెంటనే, "అరిగితే మళ్ళీ పెట్టించుకోరాదా నాయనా? పళ్ళు కట్టించుకోవడం లేదూ?" అని అడిగింది. డాక్టరుగారు జవాబు చెప్పబోయేలోగా మరొక రోగి వచ్చాడు.

ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఈ "గుజ్జు" అన్న మాట మన ఇళ్ళన్నిటా వినబడేదే. తమిళనాట మూట్టు వలి అంటారు, కన్నడనాట మండి నోవు అంటారు, షోలాపురం వైపు గుడఘేదుఖీ అంటారు, మా వైపు ఆంఠు బాధ అంటారు. ఇంట్లో మాత్రం తెలుగులోనే మూలుగుతాము. కాని ఆ గుజ్జు ఏమిటో, ఎక్కడ ఉంటుందో, మా మనవడి ఎముకలోని నల్లగీతకూ దానికీ చుట్టరికం ఏమిటో మాకు బొత్తిగా తెలియదు. కొంత చదివి, కొంత డాక్టరుగారిని విసిగించి తెలుసుకున్నది ఇక్కడ మనవి చేస్తున్నాము.

శాకాహారులు క్షమించాలి, ఎముక కొసను చూడడానికి వంటింటికి మించిన పాఠశాల లేదు. మాంసం వండే ఇళ్ళలో మూలుగ ఎముక అందరూ ఎరిగినదే. నడిమి భాగం గట్టి గొట్టం, లోపల మూలుగ. అదే ఎముక కొసకు వచ్చేసరికి లావెక్కి గుండ్రని తల అవుతుంది. ఆ తల మీద తెల్లగా, నీలిఛాయతో, గాజులా నున్నగా ఒక తొడుగు ఉంటుంది. గోటితో నొక్కితే కొంచెం లొంగుతుంది. మన పెద్దలు గుజ్జు అంటున్నది దీన్నే. పుస్తకాలలో మృదులాస్థి అంటారు. కనుక గుజ్జు అనేది రెండు ఎముకల నడుమ సంచిలో పోసిన జిగురు కాదు. అది ప్రతి ఎముక కొసకూ విడివిడిగా అతుక్కుని ఉన్న టోపీ. మోకాలిలో పై ఎముక టోపీ పై ఎముకది, కింది దాని టోపీ కింది దానిది. చిప్ప వెనుక మరొకటి. ఇవిగాక, రెండు టోపీల మధ్య చంద్రవంకల వంటి మెత్తలు రెండు ఉంటాయి. ఆటగాళ్ళకు చిరిగేవి అవే.

ఆ తలను నిలువునా కోసి చూస్తే లోపల గట్టి గొట్టం ఉండదు, తేనెపట్టులా సన్నని పలకలూ కమ్మీలూ అల్లుకుని ఉంటాయి. వాటి సందులలో ఎర్రని మూలుగ. పెద్దవాళ్ళలో చేతుల, కాళ్ళ ఎముకల నడిమి గొట్టంలోని మూలుగ చాలావరకు పసుపుపచ్చని కొవ్వుగా మారిపోతుంది. తుంటి దగ్గర, భుజం దగ్గర కొసలలో మాత్రం ఎరుపు మిగిలి, రక్తకణాలను తయారుచేస్తూ ఉంటుంది. ఆ కమ్మీల అల్లికను గురించి ఒక ముచ్చట ఉన్నది. 1866 ప్రాంతంలో జూరిచ్ నగరంలో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు తొడ ఎముక తలను కోసి చూపించగా, కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు చూశాడు. వంతెనల లెక్కలు వేసే ఆ మనిషికి అందులో తన క్రేను పటం కనబడిందట! బరువు ఏ దారిన దిగుతుందో ఆ దారినే కమ్మీలు బారులు తీరి ఉన్నాయి. ఇంజనీరు కాగితం మీద గీసిన గీతలను ఎముక ఏ బడికీ వెళ్ళకుండా తనలో కట్టుకున్నది.

ఇక మనవడి నల్లగీత సంగతి.

ఎముక చెట్టుకొమ్మలా అంతటా సాగుతుందా, కొసలోనే పెరుగుతుందా? ఈ సందేహం తీర్చినవాడు ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి గురువు. 1727లో అచ్చయిన తన పుస్తకంలో ఆ పరీక్షను వర్ణించాడు. కోడిపిల్ల కాలి ఎముకకు కొంత ఎడంగా రెండు చిన్న చిల్లులు పొడిచి వదిలాడు. కోడి ఎదిగాక చూస్తే ఎముక పొడవు పెరిగింది గాని, చిల్లుల నడుమ దూరం పెరగలేదు. అంటే నడిమి భాగం సాగలేదు, కొత్త ఎముక కొసల దగ్గర చేరింది. కొన్నేళ్ళకు, 1736లో, జాన్ బెల్చియర్ అనే లండను వైద్యుడు ఒక అద్దకపు పనివాని ఇంట భోజనానికి వెళ్ళి, వడ్డించిన పందిమాంసంలో ఎముకలు ఎర్రగా ఉండడం గమనించాడు. ఆ పందులకు అద్దకపు మంజిష్ఠ కలిసిన తవుడు పెట్టేవారట. ఆ రంగు కొత్తగా కట్టుకుంటున్న ఎముకకే పడుతుంది, పాతదానికి పట్టదు. తరువాతి పరిశోధకులు దీనినే సాధనంగా చేసుకుని ఎముక ఎక్కడెక్కడ పెరుగుతున్నదో రంగు చూసి చెప్పగలిగారు. బట్టలకు రంగులద్దే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఈ ముచ్చట వారికి నచ్చుతుందని రాశాము.

ఎదిగే పిల్లల ఎముకలో, కొసన ఉన్న తలకూ నడిమి కాడకూ మధ్య పలుచని మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. మృదులాస్థిలో సున్నం లేదు గనుక ఎక్స్‌రేలో తెల్లగా పడదు, నల్లని సందులా కనిపిస్తుంది. ఆ పలకలో కణాలు నాణాలు దొంతి పేర్చినట్టు నిలువు వరుసలలో ఉంటాయి. కొస వైపు కణాలు చీలి పెరుగుతూ ఉంటాయి. కాడ వైపు కణాలు ఉబ్బి, సున్నం పట్టి, చచ్చి, తమ చోటును ఎముకకు అప్పగిస్తాయి. దొంతి ఒక పక్క పెరుగుతూ మరొక పక్క కరుగుతూ ఉండగా ఎముక నిడివి హెచ్చుతుంది. అన్ని కొసలూ సమంగా పనిచేయవు. తొడ ఎముక పెరుగుదలలో నూటికి 70 వంతులు మోకాలి దగ్గరి కొసదే. ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు. దండచేయి ఎముకలో 80 వంతులు భుజం దగ్గరి కొసది. కాబట్టి పిల్లవాడికి ఏ కొసన దెబ్బ తగిలిందన్నది డాక్టరుకు పెద్ద సంగతి.

ఆడపిల్లల్లో సుమారు 13 నుంచి 15 ఏళ్ళకు, మగపిల్లల్లో 15 నుంచి 17 ఏళ్ళకు చాలా ఎముకలలో ఆ పలక మూసుకుపోతుంది. అక్కడితో పొడవు ఆగుతుంది. రొమ్ము దగ్గరి మెడపట్టె ఎముక కొస మాత్రం ఇరవై ఏళ్ళు దాటాక గాని మూసుకోదు. కోర్టులలో వయసు తగవు వచ్చినప్పుడు ఎక్స్‌రే తీయించేది ఈ మూతలు చూడడానికే. మూసే తాళంచెవి స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ అని, మగవారిలోనూ అదేనని తేలింది. 1994లో వైద్యులు ఒక 28 ఏళ్ళ మనిషిని గురించి ప్రకటించారు. పుట్టుకతోనే అతని ఒంటికి ఈస్ట్రోజెన్ పనిచేయదు. అతని ఎముకల పలకలు ఆ వయసులో కూడా తెరిచే ఉన్నాయి. ఎత్తు 204 సెంటీమీటర్లు, అప్పటికీ పెరుగుతున్నాడు!

ఇప్పుడు తల్లులు గమనించవలసిన మాట ఒకటి ఉన్నది. పెద్దవాడు పడితే కీలు చుట్టూ ఉన్న కట్టు నరాలు సాగి బెణుకుతుంది. పిల్లవాడిలో ఆ కట్లకన్నా ఎదిగే పలకే బలహీనం. అందుచేత "బెణికింది, పసుపూ సున్నం పట్టు వేయండి" అని మనం తేల్చిన వాపు చాలాసార్లు పలక చీలిక కావచ్చు.

మా మేనత్త కొడుకు కథ చెబుతాము. ఏభై ఏళ్ళ కిందటి మాట. ఆరేళ్ళప్పుడు ఉయ్యాల మీదనుంచి పడ్డాడు. మోచెయ్యి వాచింది. ఊళ్ళో చేయి తిరిగిన ఒకాయన వారం రోజులు నూనె పోసి మర్దనా చేసి, వెదురుబద్దలతో కట్టు కట్టాడు. నొప్పి తగ్గింది. అందరం సంతోషించాము. మోచేతి బయటి వైపు చిన్న ముక్క ఊడి, అతకకుండా మిగిలిపోయిందని ఎవరికి తెలుస్తుంది? పెరిగేకొద్దీ ఆ వైపు పెరుగుదల వెనుకబడి చెయ్యి బయటికి వంకరపోయింది. పెళ్ళినాటికి పొడుగు చేతుల చొక్కా వేసి దాచారు. ముప్పై ఏళ్ళు వచ్చాక చిటికెనవేలూ ఉంగరపు వేలూ మొద్దుబారసాగాయి. వంకర కీలు చుట్టూ సాగి సాగి నరం నలిగింది. కంసాలి పని చేసేవాడు. పని మానుకోవలసి వచ్చింది. ఆ పెద్దాయన దురుద్దేశంతో చేసింది ఏమీ లేదు, ఆయన చేతిలో ఎక్స్‌రే లేదు, అంతే. మా మనవడి విషయంలో మా ఇంట ఆవనూనె సీసా బయటికి వచ్చిన మాట నిజం. దానిని లోపల పెట్టించినది ఆ బావ వంకరచెయ్యే.

దొడ్డమ్మ ప్రశ్నకు వద్దాము. ఎదిగే పలకా, కొసన ఉన్న టోపీ ఒకే జాతివి. తేడా ఏమిటంటే పలక తన పని ముగించి ఎముకగా మారిపోతుంది. టోపీ మాత్రం జన్మంతా మృదులాస్థిగానే ఉండిపోవాలి. దాని మందం చాలా కీళ్ళలో 2 నుంచి 4 మిల్లీమీటర్లు. చిప్ప వెనుక కొంచెం ఎక్కువ. అందులో నూటికి 65 నుంచి 80 వంతులు నీరే. మిగతాది పీచు వల, ఆ వలలో నీటిని పట్టి ఉంచే జిగురు, అక్కడక్కడ విసిరేసినట్టు కొద్దిపాటి కణాలు. రెండు టోపీలు ఒకదానిపై ఒకటి జారేటప్పుడు రాపిడి, మంచుగడ్డ మీద మంచుగడ్డ జారేదానికన్నా తక్కువ. కందెనగా కీలు లోపలి పొర ఊరించే కోడిగుడ్డు తెల్లసొన వంటి ద్రవం ఉంటుంది. ఆరోగ్యమైన మోకాలిలో అది ఒక చెంచాడు కూడా ఉండదు.

ఇంత గొప్ప వస్తువుకు ఒక పేదరికం ఉన్నది. దానిలో రక్తనాళం లేదు, నరమూ లేదు. నరం లేదు గనుక అరుగుతున్నా మొదట్లో తెలియదు. నొప్పి వచ్చేనాటికి కింద ఎముకా, చుట్టూ పొరా బాధపడుతున్నాయన్నమాట. రక్తం లేదు గనుక తిండి కందెన ద్రవంలోనుంచే ఊరి రావాలి. నడిచినప్పుడు నొక్కుకుని, కాలు ఎత్తినప్పుడు పీల్చుకుని, తడి గుడ్డలా అది బతుకుతుంది. అందుకే మోకాలు నొప్పి అని మంచం పట్టిన మనిషి కీలును పస్తు పెడుతున్నట్టే. విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే ఈ టోపీని గురించి వ్యాసం రాసి, ఒకసారి చెడితే తిరిగి బాగుపడదని తేల్చాడు. దాదాపు 300 ఏళ్ళయినా ఆ తీర్పు మొత్తం మీద తిరగబడలేదు. స్వీడనులో 1994లో మనిషి సొంత మృదులాస్థి కణాలనే బయట పెంచి, దెబ్బ తగిలి పడ్డ చిన్న గుంటలో నాటి చూశారు. అటువంటి చిన్న గుంటలకు, వయసులో ఉన్నవారికి అది పనికివస్తున్నది. టోపీ అంతా అరిగిపోయిన దొడ్డమ్మకు కాదు. "గుజ్జు ఇంజక్షను" అని ఊళ్ళో చెప్పుకునేది గుజ్జు కాదు, కందెన వంటి ద్రవం. అరిగిన టోపీని అది మొలిపించదు. ఇచ్చే ఉపశమనం కూడా సగటున స్వల్పమే అని పరీక్షలు చెబుతున్నాయి. వేలకు వేలు పోసేముందు ఈ మాట తెలిసి ఉండడం మంచిది.

పళ్ళు కట్టించుకున్నట్టు కొసలు కట్టించుకోవడం మాత్రం ఉన్నది. అరిగిన తలలను చెక్కివేసి లోహపు తొడుగు, నడుమ ప్లాస్టిక్కు మెత్త పెడతారు. తుంటికి ఈ పద్ధతిని 1960ల మొదట్లో ఇంగ్లండులో జాన్ చార్న్లీ నిలబెట్టాడు. తరువాత మోకాలికీ వచ్చింది. డాక్టరుగారు దొడ్డమ్మకు ఇప్పుడే వద్దన్నారు. ముందు తొడ కండను బలపరచమన్నారు, నాలుగైదు కిలోలు తగ్గమన్నారు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడకలో మోకాలి మీద పడే భారం అడుగడుగుకూ సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందట. దొడ్డమ్మకు ఈ లెక్క నచ్చింది. "బేరం బాగుంది" అన్నది.

కీళ్ళ నొప్పి అంతా అరుగుదల కాదు. ఉదయం లేవగానే వేళ్ళు గంటసేపు బిగుసుకుపోయి, రెండు చేతుల కణుపులూ సమంగా వాస్తే, అది వేరు. అక్కడ మొదట చెడేది టోపీ కాదు, కందెన ఊరించే పొర. శరీరపు రక్షకభటులే దాని మీద తిరగబడతారు. ఆ పొర ఉబ్బి పాకి టోపీనీ ఎముక కొసనూ తినివేస్తుంది. నడివయసు స్త్రీలకు ఎక్కువ. ఆలస్యం చేస్తే వేళ్ళు వంకరపోతాయి. ఈ జబ్బుకు నేడు మొదటి వరస మందు మెథోట్రెక్సేట్. అది పుట్టినది మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలోనని మనలో ఎందరికి తెలుసు? మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన మందులలో ఇది ఒకటి. మొదట పిల్లల రక్తపు క్యాన్సరు కోసం ఆ జాతి మందులు వాడారు. కీళ్ళ జబ్బుకు అమెరికా ప్రభుత్వం దీనిని అనుమతించినది 1988లో. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూశారు. ఒక హెచ్చరిక: ఈ జబ్బుకు దీనిని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకునే మాత్రల డబ్బాలో కలిపి పెట్టి, పొరపాటున రోజూ మింగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. మీ ఇంట ఎవరైనా వాడుతుంటే ఆ మాత్రల మీద వారం పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

నీటి సంగతి కూడా ఒక మాట. మద్రాసు, బెంగుళూరు వైపు స్థిరపడిన మన కుటుంబాలలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట గ్రామాల నుంచి వచ్చినవారు ఉన్నారు. తాగునీటి ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట 1937లో వైద్యపత్రికలో వర్ణించినది నాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. అక్కడ కట్లూ కండల తాళ్ళూ ఎముక కొసలకు అతుక్కునే చోట్ల సున్నం పేరుకుని వెన్ను వంగకుండా పోతుంది. కాచితే ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఇంకి మరింత చిక్కబడుతుంది. స్వగ్రామంలో బోరు నీళ్ళు తాగే బంధువులుంటే పరీక్ష చేయించమని రాయండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది.

మనవడి కట్టు నాలుగో వారంలో విప్పారు. చెయ్యి సన్నబడి, పొట్టు లేచి ఉన్నది. ఆరు నెలలకు మరొక ఫోటో తీయాలి. ఆ నల్లగీత రెండు చేతులలోనూ ఒకేలా ఉన్నదా, ఏ పక్కనైనా ముందుగా మూసుకుంటున్నదా అని చూస్తారట. దొడ్డమ్మ ఉదయం, సాయంత్రం మంచం మీద కూర్చుని ఒక్కొక్క కాలూ తిన్నగా చాపి, పది లెక్కపెట్టే దాకా ఎత్తి పట్టుకుంటున్నది. వాడు పక్కన కూర్చుని లెక్క చెబుతాడు. ఏడు తరువాత కావాలని ఆగుతాడు. ఆమె తిడుతుంది.